నూట రెండో దెబ్బ

ఏడో మెట్లదారి చివర ఉన్న పైగదికి మా కాలేజీలో మొదట్నుంచీ చెడ్డపేరే.

గది మాత్రం మంచిది. కిటికీ తీస్తే సగం ఆక్స్‌ఫర్డ్ కనిపిస్తుంది. గోపురాలు, పచ్చిక, ఆ వెనక నది మెరుపు. వేసవిలో విద్యార్థులు ఇళ్ళకు పోయాక కాలేజీ ఆ గదులను ఊరు చూడవచ్చేవాళ్ళకు అద్దెకిస్తుంది. మిగతావన్నీ నిండాకే అది నిండుతుంది. రాత్రి తొమ్మిది దాటితే మాలో ఎవరమూ ఒంటరిగా ఆ మెట్లెక్కం.

మాలో అంటే, స్కౌట్లలో. గదులు ఊడ్చి పక్కలు వేసే ఆడవాళ్ళం. ఇరవై రెండేళ్ళు చేశాను ఆ పని.

నేను విన్నది ఇదీ.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన రెండేళ్ళకు, జూన్‌లో, ఆ గదిలో ఒక కుర్రాణ్ణి అతని స్నేహితుడే నిప్పుగూటి ఇనపకడ్డీతో కొట్టి చంపాడు. పక్క కాలేజీ పెద్ద గంట మోగే వేళ చూసుకుని మరీ కొట్టాడట. ఆ గంట రోజూ రాత్రి తొమ్మిదీ ఐదుకి మొదలై నూట ఒక్కసారి మోగుతుంది. ఆరేడు నిమిషాలు పడుతుంది...

మనిషిని చంపడానికి అంతసేపు అక్కర్లేదు.

అప్పట్నుంచీ, కొన్ని వేసవి రాత్రుల్లో, గంట మొదలవగానే ఎవరో ఆ మెట్లెక్కుతారు. పైగది ముందు ఆగుతారు. కాసేపు అలాగే ఉంటారు. దిగిపోతారు. తలుపు తట్టరు. ఎప్పుడూ తట్టలేదు.

చంపినవాడే వస్తున్నాడనుకునేవాళ్ళం అందరం. నేనూ ఒకసారి విన్నాను ఆ అడుగులు, చేరిన కొత్తలో. కింద బకెట్ వదిలేసి పరిగెత్తాను.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఆ పాత గదులకు రెండేసి తలుపులు. లోపలిది మామూలుది. బయటిది రెండంగుళాల మందం ఓక్ చెక్క. బయటి తలుపు తీసి ఉంటే ఎవరైనా వెళ్ళి లోపలిది తట్టొచ్చు. మూసి ఉంటే తట్టకూడదు. కాలేజీ పెద్దయినా సరే, వెనక్కి తిరిగి పోవాల్సిందే. పనిలో చేరిన రోజే నాకు చెప్పారు —

"ఓక్ మూసి ఉంటే లోపల ఎవరూ లేనట్టే లెక్క, డెనీస్. పొగ వాసన వస్తే తప్ప."

పొగ వాసన వస్తే తప్ప.

పోయిన జూలైలో నా కూతురు కెర్రీ మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. స్టోక్‌లో ఉంటారు. పెళ్ళై పద్నాలుగు నెలలు. వాడెప్పుడూ మా ఊరు చూడలేదు. మూడు రాత్రులు ఉంటామన్నారు. నా ఇంట్లో కెర్రీ పాత గది ఉంది, ఒంటి మంచం. అత్తగారింట్లో నిద్రపట్టదన్నాడు డీన్. కాలేజీలో అడిగాను, సిబ్బంది ధరకి. ఖాళీగా ఉన్నది ఆ పైగది ఒక్కటే.

నేనే ఇప్పించాను. పక్క నేనే వేశాను. ఓక్ నియమం కూడా ఇద్దరికీ నేనే చెప్పాను.

గేటు దగ్గర కాపలా ఉండే మా పోర్టరు లెన్ హాబ్‌డే తాళంచెవి ఇస్తూ నవ్వాడు. "కూతుర్ని దెయ్యాల గదిలో దించుతున్నావేం డెనీస్? అల్లుడి మీద అంత ప్రేమా?"

"నోరు మూసుకో లెన్."

"దెయ్యమా!" అన్నాడు డీన్, రెండు పెట్టెలూ ఎత్తుకుంటూ. పెద్ద చేతులు వాడివి. "ఆడ దెయ్యమేనా? మా ఇంట్లో ఉన్నదానికంటే మాట వింటుందేమో అడగండి అత్తగారూ."

లెన్ నవ్వాడు. కెర్రీ కూడా నవ్వింది. నవ్వే ముందు వాడి ముఖం వైపు ఒకసారి చూసింది.

అది నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను.

* * *

మొదటి రాత్రి.

వాళ్ళ గదిలో తువ్వాళ్ళు తక్కువున్నాయని గుర్తొచ్చింది. పైన కూతురుందన్న ధీమాతో నాలుగు తీసుకుని ఎక్కాను. జూలై కదా, తొమ్మిదైనా ఇంకా ఆకాశం ఎర్రగానే ఉంది. మెట్ల మీద మాత్రం చీకటి. ఆ మెట్లకి కిటికీలు లేవు.

మూడో అంతస్తు చేరేసరికి గంట మొదలైంది.

ఓక్ మూసి ఉంది.

ఆగాను. గంట మోగింది... లోపల ఏదో దబ్బుమంది. గంట... మళ్ళీ దబ్బు. మెత్తటి చప్పుడు. దుప్పటి దులిపినట్టు. ఒక్కొక్క గంటకీ కాదు, రెండు మూడింటికి ఒకటి చొప్పున. గంటతో సరిగ్గా కలిసి.

ముందు ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. తర్వాత సిగ్గేసింది. చిన్నవాళ్ళు, ఊరు తిరగడానికొచ్చారు, తలుపేసుకున్నారు... అత్తను, నేనిక్కడ చెవులప్పగించి నిలబడ్డానేంటి అనిపించింది. అప్పటికే చాలాసేపు నిలబడ్డాను. నడుముకున్న తాళాల గుత్తి చప్పుడు కాకూడదని చేత్తో పట్టుకుని, తువ్వాళ్ళు గడప దగ్గర పెట్టి దిగిపోయాను.

కింద పచ్చికలో నడుస్తూ గంట లెక్కపెట్టాను. ఈ ఊళ్ళో పుట్టిన వాళ్ళందరికీ ఉన్న అలవాటే. తొంభై తొమ్మిది, వంద, నూట ఒకటి.

ఇంటికెళ్ళి టీ తాగి పడుకున్నాను. హాయిగా నిద్రపట్టింది.

* * *

పొద్దున్న భోజనశాలలో ఫలహారాలు వడ్డిస్తున్నాను. పైగది కింద గదిలో ఉన్న ముసలావిడ, డెర్బీ నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరు, నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇదిగో అమ్మాయ్, మీ దెయ్యం గంట మోగినంతసేపూ దరువేసింది. నా నెత్తి మీదే."

ఆమె ముఖంలో భయం లేదు. సంబరంగా ఉంది. ఇచ్చిన అద్దెకి దెయ్యం కూడా దొరికింది.

"పాత గదులండీ. చెక్క సాగుతుంది ఎండలకి" అన్నాను.

కెర్రీ, డీన్ వచ్చారు. ఆ ఎండలో కెర్రీ పొడుగు చేతుల చొక్కా వేసుకుంది. కుర్చీలో నెమ్మదిగా కూర్చుంది, ఒక పక్కకి ఒరిగి. చెవి కింద చిన్న గాటు.

"అదేంటే?"

"పైన దూలం తగిలిందమ్మా. మరీ కిందికి ఉంది."

"ముందే చెప్పా తల వంచి నడవమని" అన్నాడు డీన్, గుడ్డు మీద ఉప్పు చల్లుతూ. "ఏ ఒక్కటైనా వింటేనా? తువ్వాళ్ళకి థాంక్సండీ అత్తగారూ. బాగా మందంగా ఉన్నాయి."

మధ్యాహ్నం నది మీదికి తీసుకెళ్ళాను వాళ్ళని. పంట్ అద్దెకి తీసుకున్నాం. పొడవాటి గడతో నెట్టే, అడుగు చదునుగా ఉండే పడవ. డీన్ నిలబడి గడ వేస్తున్నాడు. గడ బురదలో దిగబడిపోయింది. లాగడానికని చేతులు రెండూ ఒక్కసారిగా పైకెత్తాడు...

కెర్రీ ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పక్క పడవలో ఎవరో నవ్వుతున్నారు. డీన్ చూడలేదు. నేను చూశానని కెర్రీ చూసింది. చెయ్యి దించి, జుట్టు సర్దుకుంటున్నట్టు సర్దుకుంది.

ఒడ్డున వాడు ఐస్‌క్రీమ్ బండి దగ్గర వరసలో ఉన్నాడు. కెర్రీ నా పక్కన గడ్డి పీకుతూ కూర్చుంది.

"అమ్మా... నా పాత గది ఖాళీగానే ఉందా?"

"ఉంది. ఏం?"

"ఊరికే."

పీకిన గడ్డి పారేసి అంది — "ఇవాళ రాత్రి వాడితో చెప్తాను. కొన్నాళ్ళు నీ దగ్గరుంటానని."

అక్కడే, అప్పుడే, చెయ్యి పట్టుకుని తీసుకుపోవాల్సింది. ఇప్పుడు మనసులో రోజుకి వందసార్లు తీసుకుపోతున్నాను.

"సరే, చెప్పు" అన్నాను.

* * *

సాయంత్రం పోర్టర్ల గదిలో లెన్ టీ పోశాడు. టీచరమ్మ చెప్పిన దరువు సంగతి చెప్పి నవ్వబోయాను. లెన్ నవ్వలేదు.

"దరువా? అది దరువెయ్యదు డెనీస్. ఎప్పుడూ లేదు. నడుస్తుంది, నిలబడుతుంది, పోతుంది. అంతే."

"చంపినవాడు కదా, కొట్టినా కొడతాడు."

"చంపినవాడా! వాణ్ణి ఉరి తీసింది ఎక్కడో జైల్లో, ఇక్కడ తిరిగేది వాడు కాదు." లెన్ గొంతు తగ్గించాడు. వాళ్ళమ్మ కూడా ఇక్కడ స్కౌటే. "మా అమ్మ చెప్పేది. అప్పుడు ఆ మెట్లదారికి విన్నీ టప్పిన్ అని ఒకావిడ ఉండేది. యుద్ధంలో మగాళ్ళు పోతే పనిలోకొచ్చిన మొదటి ఆడవాళ్ళలో ఒకతె. ఆ రాత్రి ఆవిడ తలుపు బయటే ఉంది. మొత్తం వింది."

"విని?"

"విచారణలో అదే అడిగారు. తాళంచెవి నీ నడుముకే ఉందిగా, ఎందుకు తీయలేదమ్మా అని. 'ఓక్ మూసి ఉందండీ' అందట. పోర్టర్ని పిలవడానికి దిగానందట. ఆ పోర్టరు చెప్పులేసుకుని, ఇద్దరూ మూడంతస్తులు ఎక్కి పోయేసరికి..."

టీ చల్లారింది.

"అక్టోబర్లో నదిలో శవమై తేలింది ఆవిడ. నువ్వు విన్నావుగా ఆ అడుగులు. ఇంకేమీ వినపడలేదూ వాటితో పాటు?"

వినపడింది. ఇరవై రెండేళ్ళుగా అదేమిటో ఆలోచించలేదు. అడుగడుగుకీ చిన్న గలగల.

తాళాల గుత్తి.

* * *

రెండో రాత్రి.

ఈసారి నా చేతుల్లో తువ్వాళ్ళు లేవు. ఎందుకు ఎక్కుతున్నానో నాకు తెలుసు. తెలియనట్టు ఎక్కాను.

ఓక్ మూసి ఉంది.

గంట మొదలైంది. ఒకటి.

లోపల దబ్బుమంది.

చెవి చెక్కకి ఆనించాను. ఇది దుప్పటి కాదు. చెక్క కాదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక గొంతు... గొంతు కూడా కాదు, లోపలికి పీల్చిన ఊపిరి. అరవడం రానిది కాదు నా కూతురు. చిన్నప్పుడు సాలీడు కనిపిస్తే వీధంతా వినపడేలా అరిచేది.

అరవకుండా ఉండడం ఎక్కడ నేర్చుకుంది?

ముప్పై ఒకటి. ముప్పై రెండు.

చెయ్యి నడుము మీదికి వెళ్ళింది. తాళంచెవి దొరికింది. వేళ్ళ మధ్య పట్టుకున్నాను. దాన్ని ఎత్తలేకపోయాను. తీస్తే ఏమవుతుంది... నేననుకున్నది కాకపోతే... అత్తనై ఉండి... ఉద్యోగం...

లెన్‌ని పిలుద్దాం, అనుకున్నాను. మగమనిషి ఉంటే మంచిది. వెనక్కి తిరిగాను. మూడు మెట్లు దిగాను.

కింద మలుపులో అడుగుల చప్పుడు.

ఎక్కుతున్నాయి.

"లెన్?" అన్నాను. 

మెల్లగా, అలవాటైన కాళ్ళు. అడుగడుగుకీ చిన్న గలగల. మలుపు తిరిగాయి. నా ముందుకొచ్చాయి. ఎవరూ లేరు. గోడకి అతుక్కుపోయాను. నన్ను రాసుకుంటూ చలి పైకి వెళ్ళింది. నేల పాలిష్ వాసన. దాని వెనక నీటి నాచు వాసన.

తల పైకెత్తాను.

తలుపు ముందు ఒక వీపు. బూడిదరంగు గౌను, నడుం వెనక ఏప్రన్ ముడి. ఏప్రన్ అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. కుడిచెయ్యి తాళాల మీద. తల కొంచెం వాల్చి వింటోంది. కదలడం లేదు.

నా వీపు నేనెప్పుడూ చూసుకోలేదు. అయినా గుర్తుపట్టాను.

తొంభై ఏడు. తొంభై ఎనిమిది. గంట, దెబ్బ. గంట, దెబ్బ. ఇప్పుడు ఒక్కటీ వదలడం లేదు.

వంద.

నూట ఒకటి.

గంట ఆగిపోయింది. ఊరంతా నిశ్శబ్దం. ఎక్కడో కింద, పచ్చికలో, ఎవరో పకపక నవ్వారు.

లోపల — దబ్.

నూట రెండు.

ఆ వీపు నా వైపు తిరగబోయింది. ఆ ముఖం చూడాలనిపించలేదు. దాంట్లోంచే వెళ్ళాను. నదిలోకి దూకినట్టయింది. తాళం తిప్పాను. ఓక్ లాగాను. గోడకున్న మంటలార్పే ఎర్ర సిలిండర్ ఎప్పుడు ఊడబెరికానో తెలియదు, చేతుల్లో ఉంది. లోపలి తలుపుని దాంతో ఒక్క పోటు పొడిచాను.

మంచానికీ నిప్పుగూటికీ మధ్య నేల మీద ఉంది కెర్రీ. మోకాళ్ళు గడ్డానికి ముడుచుకుని. ముఖం ముఖంలా లేదు. డీన్ ఆమె మీద వంగి ఉన్నాడు. చేతిలో టేబుల్ లైటు, తిరగేసి. దాని ఇత్తడి దిమ్మకి తువ్వాలు చుట్టి ఉంది.

నేను తెచ్చిన తువ్వాలు.

"అత్తగారూ," అన్నాడు వాడు, నిటారుగా అవుతూ. కోపం కూడా లేదు గొంతులో. "ఓక్ మూసి ఉంది కదా."

సిలిండర్ వాడి దవడకి తగిలింది. ఎండు కొమ్మ విరిగినట్టు వినపడింది. మోకాళ్ళ మీద పడ్డాడు. పళ్ళు రెండు తివాచీ మీద పడ్డాయి. రెండోసారి ఎత్తాను. అది అవసరం లేదు. పోలీసులకి అవసరమైందనే చెప్పాను.

కొట్టాను.

మూడోసారి ఎత్తినప్పుడు కెర్రీ నా మడమ పట్టుకుంది. "అమ్మా... చాలు" అంది. అప్పుడు వాణ్ణి వదిలేశాను.

వాడు బతికాడు. జైల్లో ఉన్నాడు, స్ట్రాతో తాగుతూ.

* * *

కెర్రీ ఎడమ కన్ను దక్కింది. ఎడమ చెవి దక్కలేదు.

ఆస్పత్రిలో నాలుగో రోజు మాట్లాడింది. దవడకి కట్టు, కూడబలుక్కుంటూ.

"వాడికి ఆ గంట నచ్చిందమ్మా. 'చూశావా, ఈ ఊరివాళ్ళు నాకోసం ఎంత బాగా ఏర్పాటు చేశారో' అన్నాడు... నేను లెక్కపెట్టేదాన్ని. నూట ఒకటి దాకా ఓర్చుకుంటే ఆపేస్తాడు. మొదటి రాత్రి ఆపేశాడు."

"మాట్లాడకమ్మా. పడుకో."

"రెండో రాత్రి, నీ దగ్గర ఉండిపోతానని చెప్పా. ఇక ఆపలేదు."

చెయ్యి పట్టుకున్నాను. ఆమె పైకప్పు వైపు చూస్తోంది.

"మొదటి రాత్రి కూడా తలుపు బయట ఎవరో ఉన్నారు. తాళాలు వినిపించాయి నాకు. అమ్మే వచ్చిందనుకున్నా. ఇప్పుడు తీస్తుంది... ఇప్పుడు తీస్తుంది... అనుకుంటూ లెక్కపెట్టా. తర్వాత ఆ తాళాలు దిగి వెళ్ళిపోయాయి."

నా వైపు తిరిగింది. బాగున్న కన్నుతో చూసింది.

"నువ్వేనా?"

దుప్పటి ఆమె భుజం దాకా లాగాను.

"కాదు బంగారం. ఆ రాత్రి నేను అటు రాలేదు. అది విన్నీ."

విన్నీ కథంతా చెప్పాను. లెన్ చెప్పినట్టే చెప్పాను. ఏమీ వదల్లేదు, ఏమీ కలపలేదు, ఆ ఒక్కటి తప్ప. తువ్వాళ్ళ సంగతి అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. కన్ను మూసుకుని, "పాపం" అంది.

నన్ను కాదు. విన్నీని.

* * *

ఉద్యోగం మానేశాను. తాళాల గుత్తి లెన్ చేతిలో పెట్టి పదకొండు రోజులైంది. కెర్రీ తన పాత గదిలో ఉంది. మా ఇంట్లో ఇప్పుడు ఏ తలుపూ మూయం. ఆ గది తలుపు మాత్రం ఓరగా వేస్తాను, వీధి దీపం కళ్ళలో పడకుండా.

ఏడో మెట్లదారిలో అడుగులు వినపడటం మానేశాయని లెన్ ఫోన్ చేసి చెప్పాడు. సంతోషంగా చెప్పాడు.

నిన్న రాత్రి గాలి మా వైపు తిరిగింది. అలా తిరిగినప్పుడు ఆ పెద్ద గంట మా ఇంటిదాకా వినపడుతుంది. నేను కింద వంటింట్లో ఉన్నాను. కెర్రీకి సూప్ వేడిచేస్తున్నాను. కెర్రీ లెక్కపెడుతుందేమోనని భయం వేసి, నేను లెక్కపెట్టకుండా గట్టిగా గరిటె తిప్పుతున్నాను.

నా ఇంటి మెట్ల మీద అడుగుల చప్పుడు.

ఎక్కుతున్నాయి. అడుగడుగుకీ చిన్న గలగల.

పైన ఆగాయి. కెర్రీ గది ముందు.

"అమ్మా," అంది కెర్రీ పైనుంచి. నిద్రమత్తు గొంతు. "ఎందుకలా బయటే నిలబడతావు? తలుపు తీసే ఉంది. లోపలికి రా."

నేను కిందున్నానని అరవాలి. నోరు తెరిచాను. డెబ్బై ఏళ్ళకు పైగా బయటే నిలబడిన మనిషిని ఎవరో మొదటిసారి లోపలికి పిలిచారు... ఆ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మళ్ళీ నిలబడిపోయాను.

తలుపు కిర్రుమంది. మంచం స్ప్రింగులు నలిగాయి, పక్కన ఎవరో కూర్చున్నట్టు.

"చేతులు ఇంత చల్లగా ఉన్నాయేంటి... తడిసిపోయావేంటమ్మా?"

గంట ఆగింది.

పైన చాలాసేపు ఎవరో గుసగుసగా, ఓపిగ్గా, ఏదో చెబుతున్నట్టుంది. మాటలు అందలేదు నాకు. తర్వాత కెర్రీ గొంతు. నిద్ర పూర్తిగా పోయిన గొంతు.

"నువ్వూ కాదా? అయితే మొదటి రాత్రి... తలుపు బయట ఉన్నదెవరు?"